దురాశ కాదు, నమ్మకమే ఎర

సంపాదకులకు,

బ్యాంకాక్‌లో మోసపోయే పర్యాటకులంతా చవక బేరాలకు ఆశపడ్డవాళ్లేనని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. అది అన్యాయం.

గ్రాండ్ ప్యాలెస్ బయట జరిగే తంతు చూస్తే తెలుస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురొచ్చి, 'ఈ రోజు పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా మూసేశారు' అంటాడు. మ్యాపు తీసి వేరే గుళ్లకు సున్నాలు చుట్టి చూపిస్తాడు. పక్కనే టుక్‌టుక్ సిద్ధం. ఊరంతా తిప్పడానికి 20 బాట్లు చాలంటాడు డ్రైవరు. ఆ బండి చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందో, దర్జీ కొట్టు ముందో. మనుషుల్ని తెచ్చినందుకు డ్రైవరుకు అక్కడ కమీషన్ ముడుతుంది. చవక ఆశ తర్వాతి మాట. ముందు పనిచేసేది 'మూసేశారు' అన్న అబద్ధం.

ప్యాలెస్‌ను మామూలుగా రోజూ ఉదయం 8.30కే తెరుస్తారు, మధ్యాహ్నం 3.30 దాకా టికెట్లిస్తారు. రాజకుటుంబ కార్యక్రమాలకు మూసినా, గేటు దాకా వెళితే సిబ్బందే చెబుతారు. ఈ ఒక్క ముక్క వ్యాసంలో ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది.

'స్థానికులతో మాట్లాడొద్దు' అన్న సలహా ఇంకా దారుణం. దారి అడిగితే ఓపిగ్గా చెప్పేవాళ్లకు ఆ ఊళ్లో కొదవ లేదు. పిలవకుండా వచ్చి ప్రయాణం మార్చుకోమనేవాడితోనే జాగ్రత్త. ట్యాక్సీ డ్రైవరు మీటరు వేయనంటే దిగిపోయి మరొకటి చూసుకోవాలి.

టూరిస్ట్ పోలీసుల నంబరు 1155. వచ్చే సంచికలో దీన్నైనా ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ