వేదిక వచ్చింది.. తెర లేచేదెన్ని రాత్రులు?

హన్మకొండ: పదేళ్ల నిరీక్షణ అనంతరం ఓరుగల్లు నడిబొడ్డున కాళోజీ కళాక్షేత్రం తలుపులు తెరుచుకున్న సంగతి విదితమే. 2014 సెప్టెంబరు 9న, ప్రజాకవి శతజయంతి నాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బాలసముద్రంలో శంకుస్థాపన చేసిన ఈ భవనాన్ని 2024 నవంబరు 19న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. ఈ మధ్యకాలంలో ప్రభుత్వం మారింది. జిల్లా రెండుమార్లు పేరు మార్చుకుంది. జాప్యానికి బాధ్యులెవరన్న వాదన రాజకీయ వేదికల మీద కావలసినంత సాగింది. ఇక తేలవలసిన లెక్క వేరే ఉంది. ఏడాదిలో ఎన్ని రాత్రులు ఇక్కడ నాటకానికి తెర లేస్తుంది? మిగిలిన రాత్రులు ఎవరివి?

నగరం నడుమ ఒక రంగస్థలం, దాని చెంత ఒక ఉద్యానం ఉంటే సాయంత్రం పూట జనం వస్తారని, జనం వస్తే వ్యాపారం నిలుస్తుందని పట్టణ ప్రణాళికలు రచించేవారు చెబుతూ ఉంటారు. మాట నిజమే. కాలనీలు ఊరి చివరలకు విస్తరించాయి. పాత సినిమా హాళ్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి. దుకాణాల షట్టర్లు దిగిన తర్వాత నడిబొడ్డున మిగిలేది టీ బండ్లు, బస్సు కోసం నిలబడ్డవారు మాత్రమే. అయితే భవనం కట్టినంత మాత్రాన జనం రారు. అందులో ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. అది ఎప్పుడు జరుగుతుందో ఊరికి తెలిసి ఉండాలి.

ఓరుగల్లుకు ఇది కొత్త సంగతి కాదు. కాకతీయుల నాటి ఈ నగరాన్ని కళ్లకు కట్టిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు చేసే పనల్లా వీధుల వెంట తిరగడం, దారిలో తగిలిన వినోదాలను చూడటం. జాయప సేనాని నృత్తరత్నావళి రచించింది కూడా కాకతీయుల ఏలుబడిలోనే. నాట్యానికి శాస్త్రం రాసుకున్న ఊరికి ఆధునికమైన రంగశాల రావడానికి ఇన్నేళ్లు పట్టడం విచిత్రమే.

పెద్ద హాలు.. చిన్న బృందం

కళాక్షేత్రం ప్రధాన సభామందిరంలో వెయ్యి మందికి పైగా కూర్చోవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఔత్సాహిక నాటక బృందమంటే పదిమంది నటులు, ఇద్దరు ముగ్గురు సాంకేతిక సహాయకులు, చేతి నుంచి పడే ఖర్చు. వారి ప్రదర్శనకు రెండు వందల మంది వస్తే అది ఘనవిజయం. అదే రెండు వందల మంది వెయ్యి కుర్చీల హాలులో కూర్చుంటే నాటకం విఫలమైనట్లు కనిపిస్తుంది. నటుడి గొంతు చివరి వరుస దాకా సహజంగా చేరదు, మైకు పెట్టక తప్పదు. మైకు ముందు నిలబడితే నటన సగం పోతుంది.

అద్దె సంగతి మరొకటి. ఏసీ, విద్యుత్తు, పారిశుద్ధ్యం, కాపలా... ఇంత పెద్ద భవనాన్ని నడపడం చౌక వ్యవహారం కాదు. ఖర్చు రాబట్టుకోవాలని నిర్వాహకులు అనుకోవడం తప్పూ కాదు. కాని ఆ లెక్క ప్రకారం అద్దె నిర్ణయిస్తే దానిని చెల్లించగలిగేవారు కార్పొరేటు కళాశాలల వార్షికోత్సవాలు, కంపెనీల సమావేశాలు, పార్టీల సదస్సులు జరిపేవారే. తెలుగు పట్టణాలలో కళల పేరిట వెలసిన మందిరాలు సన్మాన సభలకూ, పాఠశాలల పండుగలకూ పరిమితం కావడం వెనుక ఉన్నది ఎవరి దురుద్దేశమో కాదు, ఈ కూడికలే. రంగస్థలం పేరు మీద వచ్చిన భవనంలో నాటకమే అతిథిగా మిగిలిపోయే ప్రమాదం ఇక్కడా పొంచి ఉంది.

సురభి వంటి నాటక సమాజాల విషయం కొంత భిన్నం. 1885లో కడప ప్రాంతంలో పుట్టి, తరతరాలుగా ఒకే కుటుంబ పరంపరలో సాగుతున్న ఈ సమాజానికి పెద్ద హాలే కావాలి. పాత్రలను గాలిలోకి లేపే తాళ్లు, క్షణంలో మారే తెరలు అమర్చాలంటే వేదికపై ఎత్తు, పక్కల చోటు, ముందురోజే సామగ్రి దించుకునే వీలు ఉండాలి. అంటే ఒక రాత్రి ప్రదర్శనకు రెండు మూడు రోజుల హాలు కావాలి. మూడు రోజుల అద్దె వసూలు చేస్తే వారు రాలేరు.

బెంగళూరులో ఏం చేశారంటే..

పొరుగు రాష్ట్రంలో ఒక ఉదాహరణ ఉంది. నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ స్మృతిగా, అరుంధతీ నాగ్ చొరవతో 2004లో బెంగళూరు జె.పి.నగర్‌లో రంగశంకర ప్రారంభమైంది. స్థలం ప్రభుత్వానిది, నిర్వహణ ఒక ట్రస్టుది. కుర్చీలు సుమారు మూడు వందలు. బృందాలకు అద్దె నామమాత్రం. రోజుకో నాటకం ఉండాలన్నది వారు మొదటి నుంచీ పెట్టుకున్న లక్ష్యం. సమయానికి తలుపులు మూస్తారు, ఆలస్యంగా వచ్చినవారు ఎంతటివారైనా లోపలికి పోలేరు. ఆవరణలోనే ఫలహారశాల ఉండటంతో నాటకం చూడనివారు సైతం అక్కడికి చేరుతారు. ముంబయిలో 1978 నుంచి నడుస్తున్న పృథ్వీ థియేటర్‌ది ఇంతకన్నా చిన్న హాలు.

బెంగళూరు ప్రేక్షకులు వేరు, హన్మకొండ ప్రేక్షకులు వేరు అనేవారుంటారు. ఒప్పుకోవలసిందే. ఇక్కడ రోజుకో నాటకం సాధ్యం కాదు, అవసరమూ లేదు. వారానికి ఒక నిర్ణీత సాయంత్రం చాలు. శనివారం సాయంత్రం ఆరున్నరకు కళాక్షేత్రంలో ఏదో ఒక ప్రదర్శన తప్పక ఉంటుందన్న నమ్మకం కుదిరితే కరపత్రాలతో పనిలేదు. ఆ సాయంత్రాలను స్థానిక బృందాలకు కేటాయించి, అద్దెలో పడే లోటును మిగతా రోజుల వాణిజ్య కార్యక్రమాల రాబడితో పూడ్చవచ్చు. దీనికి చట్టాలు అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

కథకు గోడలెందుకు?

ఇక ఉద్యానం సంగతి. దీనిని అలంకారంగా చూడటమే పొరపాటు. తెలంగాణ ప్రదర్శన కళలలో అధికభాగం పెట్టెలాంటి వేదిక మీద పుట్టినవి కావు. ఒగ్గుకథ వాకిట్లో చెప్పేది. చిందు యక్షగానం ఊరి నడుమ ఆడేది. మూడువైపులా జనం కూర్చోవాలి, కథకుడి చెమట కనిపించేంత దగ్గరగా ఉండాలి. ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంవారే. ఆ కళను ఏసీ మందిరంలో, పది నిమిషాల స్వాగత కార్యక్రమంగా చూపించి సరిపెట్టడం మర్యాద కాదు.

అందుకు తావు నగరంలో లేకపోలేదు. పబ్లిక్ గార్డెన్‌లో, మన నేలకు చెందిన మిమిక్రీ దిగ్గజం నేరెళ్ల వేణుమాధవ్ పేరిట కళాప్రాంగణం ఉంది. 2015లో వచ్చిన హృదయ్ పథకం వరంగల్‌ను పన్నెండు వారసత్వ నగరాలలో ఒకటిగా ఎంపిక చేయడంతో భద్రకాళి చెరువు కట్ట నడకదారితో, పచ్చదనంతో కొత్త రూపు దాల్చింది. పూడికతీత కోసం 2024 చివరలో చెరువును ఖాళీ చేసినప్పుడు కట్ట విలువ అందరికీ మరింత తెలిసివచ్చింది. కళాక్షేత్రాన్ని పూర్తిచేయించినదీ, కట్టను తీర్చిదిద్దినదీ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థే. అయినా ఒకే ఊరిలోని ఈ మూడు చోట్లూ మూడు వేర్వేరు ఊళ్లలో ఉన్నట్లే కనిపిస్తాయి. కట్ట మీద కొద్దిపాటి మట్టి అరుగు, దీపాల వెలుతురు చాలు, ఒగ్గు డోలు మోగడానికి. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది కనుక కళాకారులను వెదకడానికి హైదరాబాద్ పోనవసరం లేదు. మూడింటికీ కలిపి ఒకే నెలవారీ పట్టిక వేసి బస్టాండులో అతికిస్తే పని సగం అయినట్లే.

చివరిగా ఒక చిన్న విషయం, నిర్వాహకులు చిన్నచూపు చూసేది. మన సభలలో ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు ముగిసి నాటకం మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ నుంచి వచ్చినవారు మొదటి అంకం మధ్యలో గడియారం చూసుకుంటారు, రెండో అంకానికి లేచిపోతారు. సన్మానాలను ప్రదర్శన తర్వాతకు మార్చి, తెర లేచే వేళను ఆర్టీసీ చివరి బస్సు వేళతో సరిచూసుకుంటే వారు ఆఖరి దృశ్యం కూడా చూసి ఇల్లు చేరుతారు.