రెండో సున్నా

ఆఫీసులో ఒకాయన కళ్లు తిరిగి పడిపోయాడు. పక్క సీటాయన గబగబా బల్ల మీది ఫోనెత్తి 108 కొట్టాడు. ‘హలో, స్టోర్సండీ’ అంది అవతలి గొంతు! ఎక్స్‌టెన్షన్ నంబర్లు 101 నుంచి మొదలయ్యే ఆఫీసుల్లో 108 అంటే అంబులెన్సు కాదు, మరో గదిలోని ఫోను. బయటి లైను కావాలంటే ముందు 0 గానీ 9 గానీ కొట్టాలి. ఆ కంగారులో అది ఎవరికి గుర్తొస్తుంది?

స్పీడ్ డయల్ అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే. బయటి లైను అంకె, తర్వాత పాజ్ అనే చిన్న విరామం, ఆపైన అసలు నంబరు... మూడూ కలిపి ఒక్క బటన్‌లో పెట్టేస్తారు. బయటి డయల్ టోన్ రావడానికి క్షణం పడుతుంది కాబట్టి ఆ పాజ్. అది లేకపోతే ముందు అంకెలు గాల్లో కలిసిపోతాయి.

ఒకసారి పెట్టేశాక ఎవరూ మళ్లీ అటు చూడరు. చిక్కంతా అక్కడే. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. సెల్ నుంచి సెల్‌కు అక్కర్లేదు గనక జనం పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు పెట్టిన బటన్లు మాత్రం పనికిరాకుండా పోయాయి. డాక్టరుగారిదీ, లిఫ్టు మెకానిక్‌దీ కూడా.

తమాషా ఏమిటంటే, బయటి లైనుకు 0 కొట్టే ఆఫీసుల్లో ఈ లోపం కంటికి ఆనదు. ‘ముందు సున్నా ఉంది కదా!’ అంటారు. ఉంది. కానీ దాన్ని ఆఫీసు ఈపీఏబీఎక్సే మింగేస్తుంది, టెలిఫోన్ ఎక్స్ఛేంజి దాకా పోనివ్వదు. అందుకే సున్నా, పాజ్, మళ్లీ సున్నా, ఆ తర్వాత పది అంకెలు ఉండాలి. బయటి లైనుకు 9 కొట్టే వాళ్లకు ఈ తికమక లేదు.

ఇంకొకటి. బయటి కాల్స్‌కు లాకు వేసిన ఎక్స్‌టెన్షన్ నుంచి కూడా ఉమ్మడి జాబితాలోని నంబర్లు కలిసేలా పెట్టుకునే వీలు చాలా ఈపీఏబీఎక్స్‌లలో ఉంది. రాత్రిపూట వాచ్‌మన్‌కు ఆ గేటు దగ్గరి ఫోనే కదా దిక్కు!

బటన్ పక్కన చీటీ మీద పేరొక్కటే రాయడం అలవాటు. నంబరు కూడా రాసి ఉంచితే, కరెంటు పోయి ఆఫీసు ఫోను మూగబోయిన పూట ఎవరి సెల్ నుంచైనా చేసుకోవచ్చు. ఆ చీటీ మీద మాత్రం రెండు సున్నాలూ అక్కర్లేదు.