ముట్టకు, ముట్టబ్యాడ

ఇంట్లో కంప్యూటర్ కాస్త మొరాయించగానే ఆడపిల్లకు ముందు వినిపించే మాట "నువ్వు ముట్టకు". మాది బీదర్ జిల్లా మన్నళ్ళి. నాన్నది తెలుగు, అమ్మది కన్నడం. నాన్న "ముట్టకు" అంటే అమ్మ "ముట్టబ్యాడ" అంటుంది. రెండు భాషలూ ఈ ఒక్క విషయంలో భలే కలుస్తాయి! షాపుకు పరుగెత్తే ముందు మనమే ముట్టి చూడాలని నేనంటాను.

మొన్న సెలవుల్లో మా కీబోర్డు పనిచెయ్యలేదు. నా స్కాలర్‌షిప్ ఫారానికి రెండే రోజుల గడువు. రిపేరు షాపతను ఫోన్లోనే "కీబోర్డు పోయింది, కొత్తది 600" అని తేల్చేశాడు. చూడకుండానే!

తప్పు వస్తువులో ఉందా, పోర్టులో ఉందా, కంప్యూటర్ లోపలుందా? ముందు తెలియాల్సింది ఇది. వైరు పీకి వేరే పోర్టులో పెట్టాను, మార్పు లేదు. ఓటీజీ వైరుతో అదే కీబోర్డును నా ఫోన్‌కు తగిలిస్తే అక్షరాలు చకచకా పడ్డాయి. అంటే కీబోర్డు బాగానే ఉంది. మళ్ళీ కంప్యూటర్‌కు పెట్టి ఒక మీటను అలాగే నొక్కి పట్టుకున్నాను. కాసేపటికి ఒక అక్షరం పడింది. చచ్చిన కీబోర్డు అలా చెయ్యదు కదా.

విండోస్‌లో ఫిల్టర్ కీస్ అని ఒక ఏర్పాటుంది. చేతులు వణికేవాళ్ళకు అది మేలు చేస్తుంది. ఆన్‌లో ఉంటే, అలా తగిలి ఇలా వదిలిన మీటల్ని కంప్యూటర్ లెక్కలోకి తీసుకోదు. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కిపెడితే, ఆన్ చెయ్యమంటారా అని అడుగుతుంది. మా కంప్యూటర్‌లో ఆ ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. ఆట మధ్యలో అడ్డొచ్చిందని మా తమ్ముడు చదవకుండా "ఎస్" కొట్టేశాడు. (వాణ్ణి మాత్రం ఎవరూ ముట్టకు అనరు.) మౌస్ పనిచేస్తోంది గనక సెట్టింగ్స్‌లోకి పోయి, యాక్సెసిబిలిటీలో, కీబోర్డు కింద దాన్ని ఆఫ్ చేశాను. ఫారం ఆ రాత్రే పంపించాను. 600 పెట్టి కొత్తది కొన్నా ఇదే గతి, సెట్టింగ్ ఉన్నది కంప్యూటర్లో కదా!

అలాగని అన్నీ విప్పమనడం లేదు. పవర్ సప్లై డబ్బా జోలికి నేనూ పోను. ప్లగ్ పీకినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. అక్కడ నాన్న మాటే మాట. కానీ పోర్టు మార్చడానికీ, తెరమీది ప్రశ్న చదవడానికీ మెకానిక్ ఎందుకు? విండోస్‌ను తెలుగులోకీ కన్నడంలోకీ మార్చుకోవచ్చు. ఆ ప్రశ్న మన భాషలో ఉంటే అమ్మ కూడా చదివి "నో" కొట్టేది.

మన డిపార్ట్‌మెంట్ బీరువా మీద "పనిచెయ్యదు" అని చీటీ అంటించిన కీబోర్డు ఒకటుంది. ఎవరు అంటించారో, ఏం చూసి అంటించారో తెలీదు. మేడమ్ ఒప్పుకుంటే రేపు లంచ్‌లో చూద్దాం రండి. ఓటీజీ వైరు నేను తెస్తాను.