'కపుల్' వేరు, దంపతులు వేరు

వివాహపత్రికలలోనూ, శుభాకాంక్షలలోనూ, చివరికి ఆలయాలలో కల్యాణోత్సవ టికెట్ల ప్రస్తావనలో సైతం నేడు 'కపుల్' అనే ఆంగ్లపదం స్థిరపడిపోయింది. "పదం ఏదైతేనేమి, అర్థం ఒకటే గదా" అని సమాధానపడేవారు అధికం. అర్థం ఒకటి కాదు. వివాదమంతా ఇక్కడే ఉన్నది.

ఆ పదానికి మూలం 'కోపులా' అనే లాటిన్ శబ్దం. కట్టు, బంధనం అని దాని అర్థం. ప్రాచీన ఫ్రెంచి భాష ద్వారా అది ఆంగ్లంలో ప్రవేశించింది. రెండు వేటకుక్కలను జతగా కట్టే పట్టెడకు సైతం ఆంగ్లేయులు ఆ పేరే పెట్టారు. రైలుపెట్టెలను కలిపే కప్లింగ్ కూడా ఆ శబ్దకుటుంబానిదే. 'కపుల్ ఆఫ్ డేస్' అన్నచోట రెండు రోజులో నాలుగు రోజులో నిశ్చయం లేదు. ఇందులో నింద్యమేమీ లేదు. రెంటిని కలపడం ఆ పదం పని. ఏ ప్రయోజనానికి కలిపారో చెప్పడం దాని పని కాదు.

'దంపతి' శబ్దం ఆ ప్రయోజనాన్నే చెబుతుంది. వేదభాషలో 'దమ' మనగా గృహం, దంపతి గృహాధిపతి. ఋగ్వేదంలో అగ్నిదేవునికి కూడా ఈ పేరున్నది. ద్వివచనంలో 'దంపతీ' అన్నప్పుడు ఆ ఆధిపత్యం ఇద్దరిదీ అవుతుంది. ఏకమనస్కులై సోమాన్ని పిండే దంపతులను ఎనిమిదవ మండలం కీర్తించింది. వైయాకరణులు 'జాయా' శబ్దానికే 'దం' రూపం వచ్చిందని సాధించినా, భార్య ముందు, భర్త తరువాత అనే క్రమమే అక్కడ సిద్ధిస్తుంది.

"పతి శబ్దంలో పురుషాధిక్యమే గదా" అని ఆక్షేపించేవారున్నారు. పాణిని 'పత్నీ' శబ్దాన్ని యజ్ఞసంబంధంతోనే సాధించాడు. తెలుగునాట అనేక వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబుడు జాయాపతులకు విభాగం లేదన్నాడు. పాణిగ్రహణం మొదలు కర్మలలోనూ, పుణ్యఫలాలలోనూ, ద్రవ్యపరిగ్రహంలోనూ వారికి సహత్వాన్ని విధించాడు. భర్త ప్రవాసంలో ఉండగా అవసరాన్నిబట్టి భార్య చేసే దానం చౌర్యం కాదని స్పష్టపరచాడు. సీత దూరమైన వేళ రాముడు అశ్వమేధానికి కాంచనసీతను నిలుపుకోవలసి వచ్చింది. పత్ని లేనిదే యజమానుడు పూర్ణుడు కాడు.

అయితే తప్పు ఆంగ్లానిది మాత్రమే కాదు. పెదవులతో 'దంపతులు' అంటూనే, సంకల్పవేళ భర్త గోత్రనామాలు అడిగి, ఆమె పేరు అడగకుండానే 'ధర్మపత్నీ సమేతస్య' అని ముగించే అర్చకులు లేరా? ఇంటి దానధర్మాలలో ఆమె మాటకు విలువ ఇవ్వని గృహస్థులు లేరా? అట్టివారు 'కపుల్' శబ్దాన్ని నిందించడం హాస్యాస్పదం. వారు నిలుపుకొన్నది శబ్దాన్ని మాత్రమే. అర్థాన్ని ఏనాడో విడిచిపెట్టారు.

కనుక పత్రికపై మాట మార్చితే చాలదు. సంకల్పంలో ఆమె పేరు స్పష్టంగా వినబడాలి, గృహనిర్ణయంలో ఆమె సమ్మతి ఉండాలి. అప్పుడే ఆ ఇద్దరూ దంపతులు. లేనినాడు వారు ఒక కట్టుకు చిక్కిన ఇద్దరు మాత్రమే. వారికి 'కపుల్' అన్న పేరే తగినది.

స్వస్తి.