బుల్లి విమానముల పందెము – అందఱికి నొక్కటే తూకము

గత మాసమున మన సంఘ యువజన శాఖవారు మా యొద్దకు వచ్చి, విద్యుత్తుతో నడచు బుల్లి విమానముల పందెమునకు సంఘ నిధి నుండి బహుమతి ధనము కోరిరి. కార్యవర్గములో కొందఱు పెద్దలు “అది కలవారి పిల్లల ఆట, మనకేల?” అనిరి. ఆ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. 1940లో హిందుస్తాన్ విమాన కర్మాగారము వెలసిన బెంగుళూరులో తరతరములుగా కాపురమున్న మన కుటుంబముల పిల్లలకు విమానముపై మక్కువ కలుగుట వింత గాదు. తండ్రి డబ్బు సంచిని బట్టి గెలుపు తేలుటయే విచారకరము.

నిరుడు ఒక కళాశాల మైదానమున దీనిని మేము కన్నులార చూచితిమి. మన చిల్లర వర్తకుని కుమారుడొకడు థర్మోకోలు పలకలు కోసి, అతికి, తన విమానమును తానే చేసికొని వచ్చినాడు. దానిలో 3 సెల్లుల లిథియం బ్యాటరీ. నిండుగా ఎక్కించిన 12.6 వోల్టులు. ప్రక్కవానిది 4 సెల్లులది, 16.8 వోల్టులు. మోటారు, ప్రొపెల్లరు ఒక్కటే అయినను ఆ నాలుగవ సెల్లుతో ఇంచుమించు రెండింతల శక్తి లభించును. సెల్లులెన్ని యుండవలెనో అచటి నియమములలో లేనే లేదు. రెండవ మలుపునకే మనవాడు వెనుకబడినాడు. రెండవ విడత పందెమునకు రానే లేదు.

విదేశములలో ఈ తగవు పాతదే. 1990వ దశకములో ఐరోపా, అమెరికాలలో “స్పీడ్ 400” అను చౌక మోటారును, 7 నికెల్–కాడ్మియం సెల్లులను నిర్ణయించి పందెములు నడపిరి. ఉద్దేశము మంచిదే. అయినను డబ్బు గలవారు ఒకటికి బదులు పలు మోటారులు కొని, వానిలో చురుకైనదానిని ఎన్నుకొనిరి. సమానముగా పనిచేయు సెల్లులను పరీక్షింపించి జతకూర్చుకొనిరి. కనుక వస్తువు చౌకదైనంత మాత్రమున పందెము చౌక గాదు.

అందుచేత మా సూచన యిది. బహుమతి ధనమును సగమునకు తగ్గించి, మిగిలిన సొమ్ముతో సంఘమే ఒకే రకపు మోటారులు కొని అంకెలు వేయవలెను. పందెపు ఉదయమున చీట్లు తీసి పంచవలెను. సాయంకాలము తిరిగి తీసికొనవలెను. ప్రమాదమున చెడిపోయిన మోటారు ఖర్చు సంఘమే భరించును. బ్యాటరీ 3 సెల్లులకు మించరాదు. ప్రొపెల్లరు కొలత అందఱికి నొక్కటే. విమానమునకు కనీసపు బరువు నిర్ణయించి, పందెమునకు ముందును పిదపను తూచవలెను. ముద్ర లేని తూనిక రాళ్లతో అంగడి నడపరాదని వర్తకులమైన మనకు వేఱుగా చెప్పనక్కఱ లేదు గదా!

ఇట్లు చేసిన తెలివికి తావుండదని కొందఱు యువకులు వాదించిరి. ఱెక్క మలచుట, బరువు సమతూకముగా అమర్చుట, స్తంభము చుట్టు ఒడుపుగా త్రిప్పుట – ఇవన్నియు వారి చేతిలోనివే. ప్రపంచస్థాయి పందెములలో 10 చుట్లు, 4 కిలోమీటర్లు, సుమారొక నిమిషములో ముగియును. మన పిల్లలకు ఆ వేగముతో పని లేదు, చూడవచ్చిన తల్లులకును అది క్షేమము గాదు.

వచ్చు ఆదివారము కార్యవర్గము కూడనున్నది. నియమావళి వ్రాసి తెచ్చిన పిదపనే నిధి పెట్టె తెఱువవలసినదిగా కోశాధికారి గారితో చెప్పియున్నాము.