పొగాకు తోటల్లో దొరికిన దారి

అమెరికా చదువులకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలకు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహాల్లో ఇదొకటి: ‘ఎస్‌ఓపీలో (దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో) వాలంటీరింగ్ గురించి ఓ పేరా ఉంటే మంచిది.’ అంతే, సర్టిఫికెట్ వేట మొదలవుతుంది. తెలిసినవాళ్ల ట్రస్టు లెటర్‌హెడ్ మీద ఓ కాగితం పుడుతుంది. అమెరికాలో పెరిగిన మన పిల్లలు కొందరు వేసవిలో తాతగారి ఊరికొచ్చి, బడిలో బ్యాగులు పంచి, ఫొటోలు దిగి, కాలేజీ దరఖాస్తుకు కావలసిన పేరా పట్టుకెళ్తున్నారు. నేను పిల్లల్ని తప్పుపట్టను. సేవంటే దరఖాస్తులో నింపాల్సిన ఓ గడి అని వాళ్లకు నేర్పింది పెద్దలే. దానివల్ల ఆ పిల్లలు పోగొట్టుకుంటున్నది మాత్రం చాలా పెద్దది. చదువుకునే వయసులో పరాయి మనుషుల మధ్య చేసిన సేవ బతుకునే మలుపు తిప్పగలదు. అదెలాగో పాల్ ఫార్మర్ అనే అమెరికన్ డాక్టరు విద్యార్థి దశ చూస్తే తెలుస్తుంది.

1959లో పుట్టిన ఫార్మర్‌ది కలిగిన కుటుంబం కాదు. ఆరుగురు పిల్లలతో ఆ తల్లిదండ్రులు ఫ్లోరిడాలో కొన్నాళ్లు పాత బస్సులో, కొన్నాళ్లు పడవలో కాపురం చేశారు. ఫార్మర్ స్కాలర్‌షిప్ మీద నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో చేరి ఆంత్రొపాలజీ చదివారు. ఆ చుట్టుపక్కలంతా పొగాకు సాగు. పొగాకు కూలి ఎంత కష్టమో ప్రకాశం జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తోటల్లో పనిచేస్తున్న హైతీ దేశపు వలస కూలీలతో ఫార్మర్‌కు పరిచయమైంది. వాళ్ల బాధలు విన్నారు. వాళ్లెందుకు ఊళ్లు వదిలి వచ్చారో తెలుసుకోవాలని హైతీ గురించి దొరికిందల్లా చదివారు. 1982లో డిగ్రీ చేతికొచ్చింది. మెడికల్ కాలేజీలో చేరకముందే, 1983లో హైతీ వెళ్లారు.

అక్కడ లేయోగాన్ అనే పట్టణంలోని ఆసుపత్రిలో పనిచేస్తుండగా మలేరియా ముదిరిన ఓ గర్భిణి వచ్చింది. వెంటనే రక్తం ఎక్కించాలి. ఆసుపత్రిలో రక్తం లేదు. రాజధాని నుంచి తెప్పించాలంటే డబ్బు కావాలి. ఫార్మర్ ఆసుపత్రంతా తిరిగి పదిహేను డాలర్లు పోగుచేశారు. ఈలోగా ఆమె చనిపోయింది, కడుపులో బిడ్డా దక్కలేదు. పేదవాళ్లకు రక్తం కూడా దొరకదా, మేమూ మనుషులమే కదా అని ఆమె తోబుట్టువు ఏడ్చింది. ఆ ఆసుపత్రికి బ్లడ్ బ్యాంకు పెట్టించాలని ఫార్మర్ విరాళాలు సేకరించారు. తీరా చూస్తే ఆ రక్తానికీ రోగుల దగ్గర డబ్బు తీసుకుంటారని తెలిసింది. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపని ఆసుపత్రి కట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. ఆయన భవిష్యత్తు తేలింది ఇక్కడ. మెడికల్ కాలేజీ మెట్లు ఇంకా ఎక్కనే లేదు.

ఆ ఆసుపత్రి లేచింది కాంజ్ అనే పల్లెలో. 1956లో పూర్తయిన డ్యామ్ కింద పొలాలు మునిగి కొండ మీదికి చేరిన నిర్వాసితుల ఊరది. శ్రీశైలం, పోలవరం ముంపు చూసిన మనకు ఆ జనం పరిస్థితి ఇట్టే అర్థమవుతుంది. 1984లో ఫార్మర్ హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చేరారు. అయినా కాంజ్ వదల్లేదు. పుస్తకాలు వెంటబెట్టుకుని హైతీ వెళ్లిపోయేవారు, పరీక్షలకు బోస్టన్ వచ్చేవారు. 1987లో మిత్రులతో కలిసి పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థ స్థాపించారు. 1990లో డాక్టరు పట్టాతోపాటు ఆంత్రొపాలజీలో పీహెచ్‌డీ అందుకున్నారు.

ఆ రెండు చదువులూ ఎక్కడ కలిశాయో చూడండి. హైతీలో క్షయ రోగులు మందులు మధ్యలో మానేస్తుంటే, ‘వాళ్లకు చేతబడి నమ్మకాలెక్కువ, చెప్పినా వినరు’ అని తీసిపారేసేవాళ్లు ఉండేవారు. ఫార్మర్ బృందం పరీక్షించి చూసింది. రోగులను రెండు వర్గాలుగా చేసి, రెంటికీ మందులు ఉచితంగానే ఇచ్చింది. ఒక వర్గానికి మాత్రం నెలనెలా కొంత నగదు, తిండి సాయం అందించి, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తను ఇంటికి పంపింది. ఆ వర్గంలో అందరికీ నయమైంది. వట్టి మందులు అందుకున్నవారిలో దాదాపు సగం మందికే నయమైంది. నమ్మకాల వల్ల తేడా ఏమీ రాలేదు. పొగాకు కూలీల మాటలు చెవినబెట్టి విన్న విద్యార్థి కాబట్టే, లోపం రోగిలో కాక పేదరికంలో వెతకాలని ఆయనకు తోచింది.

ఇదంతా ఒక్కడి గొప్పతనమూ కాదు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన ఒఫీలియా డాల్ పద్దెనిమిదేళ్ల వయసులో స్వచ్ఛంద సేవకని హైతీ వెళ్లి అక్కడే ఫార్మర్‌ను కలిశారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ సంస్థను నడిపారు. మరో స్థాపకుడు జిమ్ యాంగ్ కిమ్ 2012లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యారు. ఫార్మర్ 2022 ఫిబ్రవరిలో రువాండాలోని బుతారోలో, సంస్థ సాయంతో వెలసిన ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే కన్నుమూశారు.

విమానం ఎక్కినంత మాత్రాన ఎవరి జీవితమూ మారదు. ఫార్మర్ మొదట క్యాంపస్ పక్కనున్న కూలీలను చూశారు, తర్వాతే హైతీ చేరారు. వెళ్లిన చోటికి మళ్లీ మళ్లీ వెళ్లారు. అక్కడి అవసరానికి తగ్గ విద్య నేర్చుకున్నారు. ఈ మూడూ లేని విదేశీ సేవ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. కంబోడియా, నేపాల్‌లలో విదేశీ వాలంటీర్ల డబ్బు కోసం, తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా తెచ్చి అనాథాశ్రమాలు నడిపిన ఉదంతాలు బయటపడ్డాయి. రెండు వారాలు ఆడించి వెళ్లిపోయే అన్నయ్యలకూ అక్కయ్యలకూ అలవాటుపడి, వాళ్లు వెళ్లగానే ఏడ్చే పసివాళ్ల గురించి ఏ ఎస్‌ఓపీలోనూ ఉండదు.

మన దగ్గర దారి లేక కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లోనే జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం దాని నియమం. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు కాలేజీ విద్యార్థులు వెళ్లి శవాలను తొలగించారు, బతికినవాళ్లకు అన్నం పెట్టారు. ఆ స్ఫూర్తి ఇప్పుడు చాలా కాలేజీల్లో బ్యానర్, చీపురు, గ్రూప్ ఫొటో దగ్గర ఆగిపోతోంది.

కాలేజీ యాజమాన్యాలకు నా మనవి ఒకటే. ఏటా ఊరు మార్చకండి. ఒకే ఊరికి నాలుగేళ్లూ పంపండి. సివిల్ విద్యార్థి ఆ ఊరి మురుగుకాలువ గురించి, ఫార్మసీ విద్యార్థి అక్కడివాళ్లు మింగుతున్న మాత్రల గురించి పట్టించుకుంటే పాఠానికీ పనికీ లంకె కుదురుతుంది. తల్లిదండ్రులారా, పిల్లలు సేవకు వెళ్తామంటే మార్కులు పోతాయని ఆపకండి, సర్టిఫికెట్ కోసమైతే పంపకండి. విదేశాలకు వెళ్తున్న పిల్లలారా, అక్కడ మీ యూనివర్సిటీ పక్కన కూడా కూలీలుంటారు, శరణార్థులుంటారు, ఆకలితో ఉన్నవాళ్లుంటారు. వాళ్లలో ఒక్కరి దగ్గరికైనా చదువు పూర్తయ్యేదాకా వెళ్తూ ఉండండి. ఎస్‌ఓపీ ఎవరైనా రాసిపెడతారు, ఈ పని మాత్రం మీరే చేయాలి.