సారపాక మిల్లు ఎవరిది?

గోదావరికి ఇవతల, సారపాకలో ఉన్న కాగితం మిల్లు ఎవరిదని బూర్గంపాడులో ఎవరినడిగినా ‘ఐటీసీది’ అంటారు. మరి ఐటీసీ ఎవరిదంటే మాత్రం జవాబు తడుముకోవలసిందే. జామాయిల్, సుబాబుల్ వేసి కర్ర అమ్ముకునే రైతుకూ, మిల్లులో పనిచేసే కార్మికుడికీ ఆ సంగతి ఎవరూ చెప్పరు.

1979లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో వేరే కంపెనీగా మొదలైన ఆ మిల్లు 2002 మార్చిలో ఐటీసీలో కలిసిపోయింది. ఐటీసీకి టాటా, బిర్లాల్లాంటి యజమాని కుటుంబం లేదు. అందులో పెద్ద వాటా బ్రిటిష్ అమెరికన్ టొబాకోది. తరువాతిది మన ఎల్‌ఐసీది, ఈమధ్య లెక్కల్లో సుమారు 15 శాతం. ఆ తరువాత పాత యూనిట్ ట్రస్టు ఆస్తులను చూసే ప్రభుత్వ సంస్థ, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ నిధులు. వీళ్లనే సంస్థాగత మదుపుదారులంటారు. ఉర్దూలో మనం హిస్సాదారు అంటాం. అయితే ఈ హిస్సాదారుల చేతిలో ఉన్నది చాలామటుకు పరుల సొమ్ము, అంటే అమానత్.

పొగాకు కంపెనీ షేరు కొనబోమనే పాఠకులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎందరి ఇళ్లలో ఎల్‌ఐసీ పాలసీ ఉందో లెక్కపెట్టుకోవచ్చు. (బీమాపై ఉలమాల భిన్నాభిప్రాయాలు వేరే చర్చ.)

ఈ పెద్దలు ఒకరితో ఒకరు ఎలా వ్యవహరిస్తారు? పెద్ద మొత్తంలో షేర్లు ఒక్కసారిగా బజారుకు తెస్తే ధర కూలుతుంది. అందుకని ముందే కొనేవాణ్ణి చూసుకుంటారు. ఆ కొనేవాడు సాధారణంగా మరో సంస్థే. 2017 ఫిబ్రవరిలో పాత యూనిట్ ట్రస్టు వాటాలోంచి 2 శాతం సుమారు 6,700 కోట్ల రూపాయలకు అమ్మితే, కొన్నది ఎల్‌ఐసీ. ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టే. కాకపోతే రెండో జేబులో ఉన్నది పాలసీదారుల డబ్బు. 2024 మార్చిలో బ్రిటిష్ కంపెనీ 3.5 శాతం అమ్మింది, 17 వేల కోట్లకు పైగా వచ్చింది. 2025 మేలో ఇంకో 2.5 శాతం అమ్మింది. కొన్నవాళ్లు మళ్లీ సంస్థలే.

అమ్మకాలే కాదు, తగాదాలూ వాళ్లలో వాళ్లకే. 1990ల మధ్యలో ఆ బ్రిటిష్ కంపెనీ ఐటీసీపై పట్టు పెంచుకోవాలని చూసినప్పుడు తక్కెడ ఎటు మొగ్గాలో తేల్చే బలం ఎల్‌ఐసీ, యూనిట్ ట్రస్టు, జనరల్ ఇన్సూరెన్స్ సంస్థలకు ఉంది. మెజారిటీ విదేశీ చేతికి పోలేదు.

కలిసి నోరు విప్పితే ఏమవుతుందో హైదరాబాద్ కూడా చూసింది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ రెండు మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించింది. ఫండ్ల వాళ్లు మండిపడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. బాగానే ఉంది. కానీ ఏళ్ల తరబడి నడిచిన దొంగలెక్కలు 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ రాసేదాకా బయటపడలేదు. అన్నాళ్లూ ఆ షేరు పట్టుకుని కూర్చున్నదీ ఇలాంటి సంస్థలే. పక్కవాడు కొన్నాడు కదా, చూసుకునే కొని ఉంటాడన్న నమ్మకం అందరిదీ. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే. ఒకరినొకరు చూసుకుంటారు గానీ కంపెనీ లెక్కలను గట్టిగా అడగరు.

చట్టమూ రెండు వైపులా లాగుతుంది. కలిసికట్టుగా షేర్లు కొని 25 శాతం దాటితే మిగతా వాటాదారులకు బహిరంగ ఆఫర్ ఇవ్వాలి. కాబట్టి మరీ దగ్గరగా మసలడానికి జంకుతారు. మరోపక్క బీమా నియంత్రణ సంస్థ 2017లో, అవసరమైతే పాలసీదారుల మేలు కోసం ఇతర సంస్థలతో కలిసి పనిచేసే విధానం పెట్టుకోవాలనీ, ఏ తీర్మానానికి ఎటు ఓటు వేశారో వెల్లడించాలనీ బీమా కంపెనీలకు చెప్పింది.

ఆ ఓట్ల వివరాలు ఇంగ్లీషు పట్టికల్లో పడి ఉంటాయి. బూర్గంపాడు పాలసీదారుకు వాటితో పనేమిటని ఎల్‌ఐసీ అనుకోరాదు. భద్రాచలం ప్రాంతంలో పాలసీలు అమ్మే ఏజెంట్లు తెలుగులోనే మాట్లాడతారు, మన ఇళ్లకు వస్తే ఉర్దూలోనూ మాట్లాడతారు. ఐటీసీ సర్వసభ్య సమావేశంలో ఎల్‌ఐసీ ఎటు ఓటు వేసిందో, ఎందుకు వేసిందో ఆ రెండు భాషల్లోనూ ఏటా రాసి బ్రాంచి ఆఫీసుల్లో పెట్టాలి. ఈసారి ప్రీమియం కట్టడానికి వెళ్లినప్పుడు పాఠకులు కౌంటర్లో ఆ మాట అడగాలి.